పెంగ్విన్ల గడప కాచిన మునిశామప్ప గారు

పంతొమ్మిది వందల తొంభై రెండవ సంవత్సరం జూన్ ఎనిమిదవ తేదీన, శిడ్లఘట్ట తాలూకా సాదలి వాస్తవ్యులు, అంతవరకు సముద్రమన్నదాన్ని కంట చూసి ఎరుగని శ్రీ మునిశామప్ప గారు, మంచు తాకిడికి తట్టుకునేలా దళసరి ఉక్కుతో కట్టిన మన పరిశోధన నౌకలో డెక్కు పనివారుగా చేరారు. తొలి ప్రయాణంలో తిన్నదానికంటే కక్కిందే ఎక్కువని వారే చెప్పుకుని నవ్వేవారు. అటుపిమ్మట శాస్త్రవేత్తలను దక్షిణ ధ్రువ ప్రాంతానికి చేరవేస్తూ, గడ్డకట్టిన తాళ్ళతో కుస్తీ పడుతూ వారు అందించిన సేవలు శ్లాఘనీయమైనవి.

రెండు వేల పదిలో నౌక పర్యాటకుల పాలైంది. ప్రయోగశాల కాస్తా కాఫీ హోటలుగా అవతారమెత్తింది. కొత్తగా వచ్చిన కెప్టెను, చింతామణి వాసి శ్రీ అమరనాథ్ గారు, నవ్వు ముఖం లేని పాతవారిని దించేయదలచి మునిశామప్ప గారిని పిలిపించారు.

"ఈ ఒక్క ట్రిప్పు చూస్తానప్పా. నచ్చకుంటే దిగిపోవల్ల."

ఓడే ఇల్లనుకున్న మనిషికి గుండె జారిపోయింది. ఒప్పగించిన పని ఏమిటంటే, పెంగ్విన్లకు రోగాలు అంటకుండా, వాటి ఒడ్డుకు దిగేముందు పర్యాటకుల బూట్లను మందునీళ్ళలో కడిగించడం.

సాదలిలో పట్టుపురుగుల ఇంట్లోకి కాళ్ళు కడగనిదే ఎవరినీ రానివ్వరు. సెంటు పూసుకున్నవారిని, బీడీ తాగినవారిని గడప కూడా తొక్కనివ్వరు. ఆ వాసనకు పురుగులు మేత మానేస్తాయని అక్కడివారి భయం. మునిశామప్ప గారు ఆ శాసనాన్నంతా యథాతథంగా పెంగ్విన్లకు వర్తింపజేశారు. బూట్లు కడిగించి, ఒక్కొక్కరినీ వాసన చూసి, ఘుమఘుమలాడే పెద్దమనుషులందరినీ పక్కన నిలబెట్టేశారు. వాళ్ళను ఒడ్డుకు చేర్చాల్సిన చిన్న పడవ సగం ఖాళీగా ఊగుతోంది.

కెప్టెను గారు పరుగెత్తుకొచ్చారు. "ఏం చేస్తాండావప్పా? వీళ్ళనెందుకు నిలబెట్టినావు?"

"సెంటు పూసుకోనుండారు సార్. పెంగ్విను పిల్లలు మేత ముట్టవు."

"ఎవరు చెప్పిరి నీకు?"

"చెప్పేదేముండాది సార్? మా ఇంట్లో పురుగులకు అంతే కదా."

కెప్టెను గారు తల పట్టుకుని, పెద్దమనుషులకు క్షమాపణలతో సహా సంగతంతా వివరించారు. వారిలో ఒక వృద్ధురాలు కోప్పడలేదు సరికదా, లోపలికెళ్ళి సబ్బుతో మెడ, చేతులు కడుక్కొచ్చి మునిశామప్ప గారి ముందు చెయ్యి చాచారు. వారు గంభీరంగా వాసన చూసి, "ఇప్పుడు పోండమ్మా" అన్నారు. తక్కినవారూ నవ్వుతూ వరుస కట్టారు. పెంగ్విన్ల సంగతి వేరని తెలిశాక మునిశామప్ప గారు సిగ్గుపడి మానుకోబోయినా పర్యాటకులు ఒప్పుకోలేదు. ఆయన వాసన చూసి పంపితేనే యాత్ర చేసినట్టని ప్రతి ట్రిప్పులోనూ పేచీ పెట్టేవారు. దింపేసే మాట కెప్టెను గారు మళ్ళీ ఎత్తలేదు.

ఈ నెల మునిశామప్ప గారు పదవీ విరమణ చేసి నిజంగానే ఓడ దిగారు. నిచ్చెన దగ్గర అమరనాథ్ గారు వారి చెయ్యి పట్టుకుని ఎంతకీ వదల్లేదు.

"ఇంగొక్క ట్రిప్పు చూద్దామా అప్పా?" అని అడిగారు.

ఆ చెయ్యి విడిపించుకోవడానికి ఎంతో కష్టపడిన మునిశామప్ప గారు, సతీమణి సుజాతమ్మ గారి పక్కన, ఏ నలతా లేకుండా, నిండు నూరేళ్ళు చల్లగా ఉండాలి. కెప్టెను గారు రోజూ ఫోను చేసి అదే మాట అడగడం మానాలి.