రెండు వేళ్లు తక్కువ

దమ్మపేటలో జగదీష్ చారి ఇత్తడి వాయిద్యాల దుకాణం. బాగుచేయమని ఇచ్చిన ఊరి కొమ్ముబూరను తీసుకుపోవడానికి గూడెం నుంచి ఎర్రమ్మ వచ్చింది.

“ఏందమ్మా, దారం పెట్టి కొలుస్తున్నవ్? బూరనా, పొలమా?”

“నీ పని నువ్వు చేసుకో చారీ.”

“పగులు అతికిన, మెరుగు పెట్టిన. జల్దీ పో, బస్సు దొరకదు.”

“ఇది మాదేనా?”

“మీది కాకుంటె ఎవలది? నువ్విచ్చిందే.”

“పోయినేడు మా చెల్లె పుల్లమ్మ గూడ ఇచ్చింది, వాళ్ల ఊరి బూర.”

“ఇచ్చింది. చేసిచ్చిన.”

“అప్పటిసంది దాని గొంతు మారింది. కొలుపుల ఊదితె వేల్పు నిద్ర లేవలేదంట. బూర కాపాడలేదని మా చెల్లెను ఊర్లకే రానిస్తలేరు.”

“ఊదేటోనికి దమ్ము లేకపోతె నన్నంటే ఎట్ల?”

“నీ ఫోన్ మోగుతాంది.”

“మోగనియ్.”

“ఇందాకటిసంది మోగుతనే ఉంది. ఎవలు?”

“హైదరాబాద్ సారు. పాత సామాన్లు కొనే... నీకెందుకమ్మా అదంత?”

“సరే, ఇటు చూడు. మా బూర ఈ ముడికాడి నుంచి ఆ ముడి దాక ఉంటది. ఇది రెండు వేళ్లు పొట్టి.”

“కాల్చి అతికితె జరంత తగ్గుతది.”

“రెండు వేళ్లా?”

“దారం సాగిందేమో.”

“సాగలే. మా బూరకు అచ్చు తీసి కొత్తది పోసినవ్. మాది దాసుకున్నవ్.”

“నోరు మంచిగ రానియ్, ఎర్రమ్మా. ముప్పై ఏండ్లసంది ఇత్తడి పోస్తున్న. కరిగిన ఇత్తడి చల్లారితె గుంజుకుంటది, నిజమే. గని నకలు పోస్తె తగ్గేది ఒక్క వేలే. రెండు వేళ్లు ఎట్ల తగ్గుతది?”

“ఒక్క వేలేనా?”

“ఒక్కటే. పుల్లమ్మ దానికి గూడ ఒక్క వేలే...”

“ఆగినవేంది?”

“ఏం లే.”

“చెప్పు చారీ. పుల్లమ్మ దానికి?”

“నువ్వు మాటల్ల పెట్టి... పో అమ్మా, దుకాణం మూస్తున్న.”

“పోత తియ్. నీ లెక్క తప్పు కాదు. ఇందుల నీది ఒక్క వేలే.”

“మరి రెండోది?”

“మాది. నీకిచ్చే ముందే, మా గూడెంల ఇత్తడి పోసే నాగరాజుతోని నకలు పోయించి, నెల దినాలు పొయ్యి మీద పొగకు కట్టిన. పాతదనుకొని నువ్వు ఆ సారుకు అమ్ముకున్నది అదే. అసలుది గూడెం దాటలే. ఎత్తు చారీ, ఫోన్. మా చెల్లె బూర ఎక్కడుందో నేనే అడుగుత.”