శేఖరన్న గాలం

హలో… ఆ, ఉమాపతన్నా, నేనే. సుమలతను. మునిశేఖర్ చెల్లెల్ని… ఫోటో సూసినావా?

…బొమ్మ కాదది. సరిగ్గా సూడు. లూరు… అదేన్నా, చేపలకు ఎర బదులు దారానికి కడతారే, ఉత్తుత్తి చేప… ఆ, అది.

దొరికింది. చెరువొడ్డున.

…యాల తిరుగుతాండానా? కుప్పం నుంచి ఆదివారం ఆదివారం వస్తాండా కదా, మా వదినను సూసేదానికి. వచ్చినప్పుడల్లా చెరువు చుట్టూ ఒక సుట్టు. నీల్లు దిగేకొద్దీ అన్నీ బయట పడతాండాయి. బెంగళూరోళ్లు పోగొట్టుకున్న రబ్బరు కప్పలు, రంగు చేపలు… కంపలకు తగులుకోని ఏలాడతాంటాయి. తుడిచి తుడిచి బక్కెట్టులో ఏస్తాండా.

…నగు, నగు. ఊరంతా నగింది. అన్న పోయినాక చెల్లెలికి పిచ్చి పట్టిందని.

…కాదన్నా. నాకు అవన్నీ యాల? నేను ఎదికింది ఒక్కటే.

నీకు గుర్తుండాదా… ఆ పొద్దు తూము కాడ మా అన్నను నీల్లలోంచి ఎత్తినప్పుడు, పక్కన గాలం కడ్డీ దొరికె. చెరువును ఏలంలో పాట పాడుకున్నోడివి, నువ్వే ముందు దిగితివి. నువ్వే ఎత్తిస్తివి… ఆ. దారం తెగిండె. కొసన లూరు లేదు.

లూరు యాడ చిక్కుకునిందో, మా అన్న ఆడ పోయినాడు. నాకు తోచింది అంతే.

…తూము కాడ ఎదకలేదా? మొదట ఆడే ఎదికితి. బురదంతా సేత్తో దేవితి. లేదు. ఈ పొద్దుటేల దొరికింది — పడమటి ఒడ్డున. నీ మోటారు షెడ్డు ఎనకాల, తుమ్మచెట్టు మొదుట్లో.

…

హలో? ఉండావా అన్నా?

…సిగ్నల్ లేకేం. నీ ఊపిరి కూడా ఇనిపిస్తాండాది.

…ఎవరిదైనా కావచ్చా? ఫోటోను పెద్దది చేసుకోని సూడు. అక్షరాలు ఉండాయి. సదువు… గట్టిగా సదువన్నా.

ఆ. 'శాంతమ్మ'. మా యమ్మ.

మా యమ్మ పెండ్లిలో వచ్చిన స్టీలు స్పూను అది. పేరు చెక్కించిండారు. అంగట్లో లూర్లు కొనేదానికి మనసొప్పక, ఆ స్పూను పిడి కోసి, రెండు పక్కలా బొక్కలేసి, గాలపు ముల్లు తగిలించినాడు మావోడు. మా యమ్మ ఎన్ని తిట్టిందో! మదనపల్లె మండీలో టమేటాలకు చీటీలు రాసే మనిషి, ఆదివారమైతే పిల్లోడు అయిపోతాండె. కొరమీను పడినా పడకున్నా, నగుతానే వస్తాండె.

…తాగి వస్తాండెనా?

ఆ మాట అనింది నువ్వే. మొదట నువ్వే అంటివి. 'తాగి తూములో పడినాడు, పోస్టుమార్టమని కోయిస్తే మనిషి దక్కుతాడా, ఇంటికి ఎత్తుకోని పోండి' అంటివి. మేము నమ్మితిమి. పాడెకు నువ్వు కూడా బుజం పెడితివి. అప్పుడు మా యమ్మ నీ కాల్లకు మొక్కిందన్నా! బిడ్డను బయటికి తీసిచ్చిన దేవుడివని.

…ఉండు. నేను ఇంగా అయిపోలా.

ఆ పొద్దునుంచీ మా వదినను తాగుబోతు పెండ్లాం అంటాండారు. రాణి అనే పేరే మర్సిపోయినారు. పుంగనూరు బస్సులో పక్కన కూర్చున్న ఆడామె కూడా అడిగిందంట, రోజూ తాగుతాండెనా అని. మా అన్న జన్మలో సుక్క ముట్టలేదు. నీకు తెలుసు. తెలిసే అంటివి.

…లూరు ఒక్కటే ఏం సెప్తాదా? నిజమే. ఒక్కటే అయితే ఏమీ సెప్పదు. కానీ దాని ముల్లు తీగకు తగులుకోనుండాది.

…ఇనుప తీగ. నువ్వు అంతా సుట్టుకోని పోయినట్లుండావు. తుమ్మ యేర్లలో దూరిండే ముక్క రాలేదు. లోపలే తుంచేస్తివి. ఆ పైన వానలు పడి చెరువు నిండె. నీల్లలో మునిగిపోయింది, ఇంగ ఎవరూ సూడరనుకుంటివి కదా?

…ఏందీ?… ఇంగోసారి సెప్పు…

అడివిపందుల కోసమా? 'రాత్రి ఆన్ చేసి మర్సిపోయినా'వా?

ఉమాపతీ. నేను తీగంటి. కరెంటని నేను అన్లేదు.

…

మాటాడు. …ఏడ్సొద్దు. నువ్వు ఏడిస్తే నాకు కడుపు నిండదు. జరిగింది సెప్పు. ఊరికి సెప్పొద్దులే, నాకు సెప్పు. నేను తెలుసుకోవాల.

…ఊఁ… లూరు తీగకు తగులుకునింది… ఊఁ… తీసుకునేదానికి వంగినాడు…

నువ్వు యాడుండావు అప్పుడు?… షెడ్డులోనా? అరుపు ఇనిపించిందా?… ఊఁ. స్విచ్చి ఆపినావు. పరిగెత్తినావు…

అప్పటికే పోయినాడా?

…

ఉమాపతీ, అప్పటికే పోయిండె కదా?

…

…ఏమన్యావు?

…ఊపిరి ఉండెనా?

ఉండు… ఉండు. కండ్లు తెరిసినాడా? నిన్ను గుర్తు పట్టినాడా?… ఏమని పిలిసినాడు?… 'అన్నా' అనా.

ఏమడిగినాడు?… ఆస్పత్రికా? 'బండెక్కించన్నా' అన్యాడా?

బండి ఉండె కదా నీకాడ. షెడ్డు ముందరే నిలిపింటావు కదా ఎప్పుడూ. పుంగనూరు ఎంత దూరం… యాల ఎక్కించలేదు?

…కేసు అవుతాదని. పాట పోతాదని.

అందుకని మా అన్నను… తెప్పలో పండుకోబెట్టి… చెరువు మజ్జిలో నుంచి, తూము దాకా…

నీల్లలోకి తోసేటప్పుడు కూడా ఊపిరి ఉండెనా?

…

తెలీదా? సూడలేదా? సెయ్యి పెట్టి సూడలేదా నువ్వు!

…వద్దు. కాల్లు పట్టుకుంటానని రావద్దు. మా ఇంటి గడప తొక్కొద్దు. అయినా నేను ఇంట్లో లేను. చెరువు కాడ ఉండా. నీ షెడ్డు ముందరే.

ఒంటిగా లేను. ఎస్సై సారు పక్కనే ఉండాడు. పొద్దున్నే పోయి కంప్లయింటు ఇచ్చిండా. స్పీకరు పెట్టి మాట్లాడమనింది ఆయనే. కరెంటోళ్లు వచ్చి నీ మీటరు కాడినుంచి ఒడ్డు దాకా తవ్వతాండారు. భూమిలో నుంచి కూడా వైరు ఏసిండావే, అది నాకు తెలీదు. ఇప్పుడు బయటికొస్తాండాది.

…మోసమా? నేను సేసింది మోసమా?

అరువు. గట్టిగా అరువు. నా సుట్టూ ఊరంతా ఉండాది. నీ మాటలన్నీ ఇన్యారు. తాగుబోతు అన్నోళ్లే, తలకాయలు దించుకోని నిలబడుకోనుండారు.

ఉమాపతీ, ఇను. నిన్ను జైల్లో ఏయిస్తే సాలనుకోని వచ్చినా పొద్దున. ఇప్పుడు సాలదు నాకు. నువ్వు బతకాల. శానా ఏండ్లు బతకాల. కండ్లు మూసుకుంటే మా అన్న నిన్ను పిలవాల.

…ఉండు, పెట్టేయొద్దు. …ఎవరో పక్కన… ఆ, దారి ఇయ్యండమ్మా ఆమెకు, ముందుకు వస్తాండాది… ఏం వదినా?… వద్దులే, నేను మాట్లాడతాండా కదా… నువ్వు మాట్లాడతావా?

…ఉమాపతీ, ఫోను పెట్టేస్తివంటే సూడు. రాణి మాట్లాడతాదంట.

ఇదో వదినా. పట్టుకో.