హైమావతి మేడం గారి మైనం గది

మన శిక్షణ కేంద్రం అధ్యక్షులు గోపాలకృష్ణ గారికి, ఈ హాలు మనకిచ్చిన చర్చి పెద్దలకు, తెనాలి నుంచి వచ్చిన మేడం గారి బంధువులకు, నాతో పాటు వేడి మైనంతో చేతులు కాల్చుకున్న అక్కలందరికీ, ముందు వరసలో కూర్చుని నా వైపు చూడకుండా కిటికీ వైపు చూస్తున్న మా హైమావతి మేడం గారికి నమస్కారాలు.

నా పేరు కృపారాణి. మాది అడవులదీవి. పెళ్లయి రేపల్లె వచ్చి మూడేళ్లయింది. నా చదువు ఆరో తరగతితో ఆగిపోయింది. మైకు ముందు నిలబడడం ఇదే మొదటిసారి కాబట్టి కాగితం మీద రాసుకొచ్చాను. ఎక్కడైనా ఆగిపోతే దేవకుమారి అక్క అందిస్తుంది. నిన్నంతా తన ముందే చదివాను, తనకిది కంఠతా వచ్చేసింది. (నవ్వులు)

మేడం గారు నాతో మాట్లాడి పది రోజులైంది. పంతొమ్మిదేళ్లు తెనాలి నుంచి రోజూ బండిలో వచ్చి మనకు బాతిక్, అంటే బట్ట మీద మైనం పూసి రంగులద్దే పని, నేర్పిన ఆమెకు ఈ రోజుతో ఉద్యోగం అయిపోతోంది. తర్వాత నేర్పేవాళ్లెవరూ లేకపోతే ఆ గది కుట్టుమిషన్లకిచ్చేస్తామని అధ్యక్షులు గారు చెప్పారు. మేడం గారు నన్ను పిలిచి, "నువ్వు నేర్పుతావా అమ్మా?" అని అడిగారు. "నా వల్ల కాదండి" అన్నాను. "సరే, నీ ఇష్టం" అని చేతిలో ఉన్న కుంచె పక్కన పెట్టి, సంచి తీసుకుని స్టేషనుకు వెళ్లిపోయారు. ఆ రోజు అలా ఎందుకన్నానో చెప్పడానికే ఇలా నిలబడ్డాను.

మా ఆయన ప్రతాప్ నిజాంపట్నంలో బోటు మీద పని చేస్తారు. వేటకెళ్తే వారం, ఒక్కోసారి పది రోజులు. మేముండేది అద్దె గదిలో. ఇంటావిడ మంచిదే కానీ, "పంపు వచ్చిందమ్మా" అన్న మాట తప్ప మా మధ్య ఇంకో మాట ఉండేది కాదు. ఒకసారి సాయంత్రం కొట్టుకెళ్లి ఉప్పు ప్యాకెట్ అడిగితే నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. పొద్దుట్నుంచీ నేను మాట్లాడిన మొదటి మాట అదే.

అలాంటి రోజుల్లోనే మైనం వాసన పట్టుకుని మేడం గారి గది గుమ్మం దాకా వెళ్లి ఆగిపోయాను. మేడం గారు తల ఎత్తకుండానే, "ఏంటమ్మా, అక్కడే నిలబడిపోయావు? లోపలికి రా, మైనం చల్లారిపోద్ది" అన్నారు. నేనెవరో, ఏ ఊరిదాన్నో అడగలేదు. నా కోసమే మైనం కాస్తున్నట్టు పిలిచారు.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. గట్టిపడిన మైనాన్ని నలిపితే బీటలు పడాలి, ఆ బీటల్లోకి రంగు దిగితేనే బాతిక్‌కి అందం. మన ఎండలకు మైనం మెత్తగానే ఉంటుంది, ఎంత నలిపినా బీట పడదు. ఐసు నీళ్లలో ముంచాలని మేడం గారు చెబితే, ఐసేగా అని మా ఆయన బోటు మీద మిగిలింది తెప్పించాను. అది రొయ్యల పెట్టెలో ఐసు. అందులో ముంచింది దేవకుమారి అక్క ఆడపడుచు చీర. (నవ్వులు) మూడుసార్లు ఉతికినా వాసన పోలేదు. "ఇది కట్టుకుంటే పిల్లులు వెంటబడతాయే!" అని అక్క నెత్తి కొట్టుకుంది. మేడం గారు మాత్రం చీర వెలుగులోకి పట్టుకుని, "పడనీ, బీటలు చూడు ఎంత సన్నగా వచ్చాయో" అన్నారు. ఆ చీర ఇప్పటికీ పెట్టెలోనే ఉందట. అక్కా, క్షమించు.

మేడం గారూ, నాకు పని రాక కాదనలేదండి. మైనం పొగ రాకుండా కాచడం వచ్చు. బట్ట అవతలి వైపుకి దిగిందో లేదో చూడడం వచ్చు. ముందు లేత రంగు, తర్వాత ముదురు రంగు వేయడం వచ్చు. చివర్లో బట్టను మరిగే నీళ్లలో వేసి మైనం వదిలించాక దులిపి మీ ముందు పట్టుకుంటాను కదా, మీరు కళ్లజోడు పైకి నెట్టుకుని చూస్తారు. నేను బట్ట దించకుండా నిలబడతాను. మీరు "ఊఁ" అంటారు. ఇన్నాళ్లుగా నేను ఆ "ఊఁ" కోసమే వస్తున్నాను. మీ కుర్చీలో నేను కూర్చుంటే నా బట్ట ఎవరికి చూపించాలండి?

(కాగితం తిప్పి)

ఈ మాట ఆ రోజు నోటికి రాలేదు. "నా వల్ల కాదు" అన్నది వచ్చింది. నేను సిగ్గుపడ్డానని అందరూ అనుకున్నారు, మీరేమో నాకు ఈ పనంటే లెక్కలేదనుకున్నారు.

ఆ తర్వాత నేను గదికి వెళ్లలేదు. మొన్న మా ఆయన బోటు దిగొచ్చి, "గదికెళ్లట్లేదంటగా, మరి రోజంతా ఏం చేస్తున్నావ్?" అన్నారు. అన్నం వండానన్నాను. "అదెంతసేపూ?" అన్నారు.

అందుకని అధ్యక్షులు గారూ, ఆ గది కుట్టుమిషన్లకివ్వద్దండి. సోమవారం నుంచి నేను నేర్పుతాను. గట్టిగా చెప్పడం నాకు రాదు, నేర్చుకునేవాళ్లు కొంచెం దగ్గరగా కూర్చోవాలి. బాగుందో లేదో చెప్పేవాళ్లు లేకుండా చేయడం ఎలాగో నాకింకా తెలియదు. అది మేడం గారు నేర్పలేదు.

మేడం గారూ, గది తాళం చెవి మీ సంచిలోనే ఉంది. అది అధ్యక్షులు గారికి అప్పగించకండి, నాకివ్వండి. నేనే కిందికొచ్చి తీసుకుంటాను.

ఓపిగ్గా విన్న మీ అందరికీ ధన్యవాదాలు. సెలవు.