అమారో చోటు

1889 చలికాలం. గలీసియా తీరంలో ఓ ఆంగ్లేయుల ఓడ రాళ్ళకు కొట్టుకుని బద్దలైంది. మూడోనాడు, వలలు అల్లే ఓ ఆవిడ చర్చి గుమ్మంలో ఫాదరును నిలేసింది.

"ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఆ ఓడవాడి శవం ఇంకా మా పడవల పాకలోనే ఉంది ఫాదర్."

"శ్మశానం గోడ అవతల పూడ్చమన్నాను కదమ్మా. అతను మన మతం వాడో కాదో తెలీదు."

"గోడ అవతల గాడిదల్ని పూడుస్తాం."

"నియమం నేను పెట్టింది కాదు. ఎన్నిసార్లు చెప్పాలి నీకు?"

"అయితే మా ఇంటివాళ్ళ సమాధిలో పెడతాను. మా ఆయన అమారో చోటు ఖాళీగానే ఉందిగా."

"రేపు అమారో శవం వస్తేనో?"

"ఆయన పడవ మునిగి పదేళ్ళు దాటింది. ఇంకేం వస్తాడు?"

"ముక్కూమొహం తెలీనివాడి కోసం ఎందుకమ్మా ఇంత గొడవ?"

"మా ఆయన మునిగింది ఈ ఆంగ్లేయుల దేశపు ఒడ్డు దగ్గరే. అక్కడ కూడా ఎవరో ఒకావిడ ఆయన కోసం వాళ్ళ ఫాదరుతో ఇలాగే పోట్లాడి ఉంటుందని అనుకుంటేనే నాకు నిద్ర పడుతుంది."



"తవ్వడానికి ఎవరున్నారు?" అన్నాడు ఫాదర్ చివరికి, విసుగ్గానే.

"నేనే."

"ఆగు. పార తెస్తాను."