అంగడి కబురు

"కంప్లైంటు వాపసు తీసుకో ఎర్రన్నా. ఒక్క మాట చెప్తే అయిపోతాది."

రామమోహన్‌కు ప్రొద్దుటూరులో చీరల అంగడి. ఈ మాట అడగడానికే చెన్నూరు దాకా వచ్చాడు. అడగకుండానే అమ్మకాల మెసేజీలు పంపుతున్నాడని కొందరు ఫిర్యాదు చేస్తే, అంగడి ఫోన్ కనెక్షన్లన్నీ తెంచేశారు. అసలే పెళ్లిళ్ల రోజులు. తక్కినవాళ్లను ఎలాగో ఒప్పించుకున్నాడు. మిగిలింది గొర్రెల కాపరి ఎర్రన్న ఒక్కడే. అతను దొడ్డికి కంప కట్టుకుంటూ వింటున్నాడు.

"నంబరు నువ్వే ఇచ్చినావు గదప్పా?"

"మా ఇంటిది తిరుపాలమ్మకు చీర కొన్నప్పుడు బిల్లుకని అడిగితే ఇచ్చినా. దినామూ కబురు పెట్టమని ఇయ్యల్యా."

"ఆ చట్టం దొంగ లోన్లోళ్లకు, లాటరీలోళ్లకు పెట్టింది. నాది మా తాత పెట్టిన అంగడి."

"మోగేటప్పుడు తెలీదు గద శెట్టీ, దొంగదో దొరదో."

"నచ్చకపోతే చూడొద్దు. చూడమని నేనేమన్నా మెడ మీద కూర్చున్నానా?"

"చూడకుండానే ఉన్నా, శానా దినాలు."

"మరింకేంది నీకు నష్టం?"

"ఆ కట్టె ఇట్లియ్యి."

"ఏంది?"

"కట్టె. నీ కాళ్లకాడుండేది."

"ఇదో. చూడు ఎర్రన్నా, ఒప్పుకున్నోళ్లకే పంపాలంట ఇప్పుడు. ఒక్కొక్కర్ని అడగాలంట. అడిగితే ఎవురొప్పుకుంటారప్పా?"

"ఒప్పుకోరని తెలిసే పంపినావా?"

"అది... వ్యాపారమప్పా. పిలవకుంటే ఎవురొస్తారు? అంగట్లో పనోళ్లుండారు. బేరం ఇట్లే ఉంటే ఇద్దర్ని మాన్పించాల. వాళ్లేం పాపం చేసినారు?"

"వాళ్లేం చెయ్యల్యా."

"మరి తీసుకో. నీ నంబరు నా చేత్తో నేనే కొట్టేస్తా. ఇంక మా అంగడి నుంచి మోగదు."

"మోగినా మోగనీలే. ఇప్పుడు మోగిందల్లా చూస్తాండా. రేయీ పగలూ చూస్తాండా."

"ఇన్నాళ్లూ చూడనోనివి, ఇప్పుడెందుకు చూసేది?"

"మొన్న వానలప్పుడు, పెన్నకు నీళ్లు వదుల్తాండామని కబురొచ్చింది. మోగింది. నీ చీరలేలే అనుకున్న్యా. గొర్లన్నీ ఒడ్డెక్కినాయి శెట్టీ. తిరుపాలమ్మ ఎక్కల్యా."