సెలవుల్లో పెట్టిన నోటీసు

ప్రభుత్వ కాలేజీకి వేసవి సెలవులు. ఆఫీసు చూసే బాబాయి గేటు తాళం తీస్తే, ఆయనకి క్యారియర్ ఇవ్వడానికి లోపలికొచ్చిన అమ్మాయి, గుమ్మం పక్కనున్న నోటీసు బోర్డు దగ్గరే నిలబడిపోయింది.

“బాబాయ్, మా ఫీజు పెంచేస్తున్నారా?”

“ఏటా ఇంతకి మించి పెంచకూడదని ప్రభుత్వం పెట్టిన పరిమితికి లోబడేనమ్మా. ఇదివరకు ఇష్టమొచ్చినప్పుడు పెంచేవాళ్ళు, ఒక్కో ఏడు మర్చిపోయేవాళ్ళు కూడా. పరిమితి పెట్టాక ఏటా గుర్తుపెట్టుకుని అక్కడిదాకా పెంచుతున్నారు.”

“మాకెవరూ చెప్పలేదే?”

“నోటీసు పెట్టి నెలవుతోంది. ఒక్క అభ్యంతరం రాలేదు. పిల్లలంతా సంతోషంగా ఉన్నారని పైకి రాయబోతున్నాం.”

“గేటుకి తాళమేస్తే ఎవరు చదువుతారు, పావురాలా?”

“నెలపాటు బోర్డు మీద ఉండాలనే రూలు. చదివేవాళ్ళుండాలని లేదు.”

“ఫీజు పెరిగితే మా ఇద్దర్లో ఒకర్నే చదివిస్తానన్నాడు నాన్న. ఆ ఒక్కరూ తమ్ముడేనని చెప్పక్కర్లేదుగా.”

క్యారియర్ మూత తీస్తున్న బాబాయి చెయ్యి ఆగింది.

“అన్నయ్య అలా అన్నాడా?”

“ఇప్పుడు అభ్యంతరం చెప్తే?”

“ఇవాళ సాయంత్రం దాకా టైముంది. కానీ పెద్ద తలనొప్పి. పిల్లల్ని కూర్చోబెట్టి విచారణ జరపాలి, అంటే కాలేజీ తెరవాలి. తెరిచాక ఆ ఏడు పెంచకూడదు. అదీ రూలే.”

“ఒక్కరు చెప్పినా చాలా?”

“చాలని నేనన్నానా?”

బాబాయి బల్ల మీద తెల్ల కాగితం, పెన్ను పెట్టి, తన కుర్చీ ఆమె వైపు జరిపాడు.

“చేతులు కడుక్కొస్తా. వచ్చేసరికి ఈ బల్ల మీద ఏ కాగితముంటే దానికి ముద్ర వెయ్యడం నా డ్యూటీ.”