ఆరు మూలల రేకులు

తుళ్లూరు దగ్గర కడుతున్న సభాభవనం. సగం కప్పిన డోము కింద డిజైనరు శిల్ప, ఫిట్టరు జక్రయ్య.

"ఛీ! మళ్లీ అదే మాటా మేడం? రేకుల కటింగ్ తప్పంటారేంటి?"

"కాకపోతే పైన వేలు దూరే సందులెందుకున్నాయి జక్రయ్య గారూ? నా కంప్యూటర్లో సందే లేదు."

"మీ కంప్యూటర్లో ఎండా లేదు, వానా లేదు. ఒక్క రేకన్నా కొలిచారా? మా బావమరిది ప్రభు కోస్తే వెంట్రుకవాసి తేడా రాదు. అలాంటోణ్ణి తప్పు కోశావని గెంటేశారు. నెలైంది. కోల్డ్ స్టోరేజీలో మిర్చి టిక్కీ బస్తాలు మోస్తా, దగ్గి దగ్గి చస్తన్నాడు."

"అది ఆఫీసు నిర్ణయమండీ, నేను..."

"ఆఫీసు! థూ. ఇటు చూడండి. అట్టపెట్టె కోసి చేశాను. ఆరు మూలల ముక్కలు, అన్నీ ఒకటే సైజు. మూడింటిని ఒక మూల దగ్గర కలపండి. కలపండి మేడం, చేతులు మాసిపోవులెండి."

"కలిశాయిగా. బానే..."

"బానే కలిశాయి. అప్పడంలా బల్లకి అతుక్కున్నాయి. వంపేదీ? డోముకి వంపొద్దా?"

"స్లైడర్ జరిపితే సాఫ్ట్‌వేరే సర్దుతుందండీ."

"తెర మీద సర్దుతుంది. ఇనుము సర్దుకోదు. ఇప్పుడు మధ్యలో ఐదు మూలలది పెట్టి, చుట్టూ ఆరు మూలలవి అతికించాను. ఏమైంది? మూకుడులా లేచిందా లేదా?"

"లేచింది."

"ఏడో క్లాసులో బడి మానేసినోడికి తెలిసింది. మీకు తెలీదూ?"

"తెలుసు."

"ఏంటీ?"

"మొదట్నించీ తెలుసు. ఈ డోము మూసుకోదని సాఫ్ట్‌వేర్ ఎర్రగా చూపించింది. పైవాళ్లేమో అన్నీ ఆరు మూలలవే ఉండాలి, అన్నీ సమానంగా ఉండాలన్నారు. ఆ ఎరుపు కనపడకుండా ఆపేశాను."

"ఛీ, ఛీ! ఇదా మీ చదువు? అన్నం తింటన్నారా ఇంకేమన్నానా? ఈ మాటే రాసివ్వండి. రేపు ప్రభు పనిలోకి రావాలి."

"రాస్తాను. నాదే తప్పని ఇవాళే రాస్తాను. కానీ ఆఫీసు వాళ్లు ఇంకో కాగితం తీస్తారు. 'రేకులు కొలిచి చూశాను, ప్రభు కోసిందే తప్పు' అని ఉంది. కింద మీ సంతకం."

"ఇంగ్లీషు కాగితం... నాకేం తెలుసు, పెట్టమంటే..."

"తెలుగులోనే ఉంది జక్రయ్య గారూ. చదివే పెట్టారా?"

"చదివే పెట్టాను. మా ఇద్దర్లో ఒకణ్ణే ఉంచుతామన్నారు."